ఈఎంఐ కట్టలేని నెల వస్తే, బ్యాంకు రాకముందే మీరే వెళ్లండి

ఈమధ్య నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకే విషయం మీద వస్తున్నాయి. "అక్కా, నువ్వు బ్యాంకులో హోమ్ లోన్లు చూసేదానివి కదా, ఒక మాట అడగాలి" అని మొదలుపెడతారు. కాసేపు పిల్లల స్కూలు గురించి, ఊళ్లో వానల గురించి మాట్లాడి, ఆఖరికి గొంతు తగ్గించి "రెండు నెలల నుంచి ఈఎంఐ బౌన్స్ అవుతోంది" అంటారు. ఎక్కువమంది మా అనంతపురం, కడప, కర్నూలు వైపు నుంచి బెంగళూరు వచ్చి, వైట్‌ఫీల్డ్‌లోనో వర్తూరులోనో సర్జాపూర్ రోడ్డు మీదో ఫ్లాట్ కొన్నవాళ్లే. లేఆఫ్ అయినవాళ్లు కొందరు, స్టార్టప్‌లో జీతాలు సగం చేస్తే నోరు మూసుకుని పనిచేస్తున్నవాళ్లు కొందరు, ఇంట్లో ఎవరికో పెద్ద ఆపరేషన్ అయి ఉన్నదంతా ఆస్పత్రికి పోసినవాళ్లు ఇంకొందరు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నాను. నేను లాయర్ని కాదు, బ్యాంకు ఉద్యోగం కూడా మానేశాను. కానీ ఆ టేబుల్‌కి అటువైపు చాలా ఏళ్లు కూర్చున్నాను కాబట్టి ఫైలు ఎక్కడినుంచి ఎక్కడికి కదులుతుందో, ఏ దశలో ఎవరి చేతిలో ఏం ఉంటుందో తెలుసు.

మొదట 90 రోజుల లెక్క చెప్తాను, ఎందుకంటే మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఈఎంఐ కట్టాల్సిన తేదీ దాటిన మర్నాటినుంచే బ్యాంకు సిస్టమ్‌లో మీ ఖాతా మీద ఒక గుర్తు పడుతుంది. 30 రోజుల వరకు ఎస్ఎంఏ-0 (ఎస్ఎంఏ అంటే బ్యాంకు కన్నేసి ఉంచే ఖాతా), 60 వరకు ఎస్ఎంఏ-1, 90 వరకు ఎస్ఎంఏ-2, అది కూడా దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఈ 90 రోజుల్లో మీ ఫైలు ఇంకా మామూలు మనుషుల చేతుల్లోనే ఉంటుంది. బ్రాంచ్ మేనేజర్‌తో మాట్లాడొచ్చు, లోన్ సెక్షన్ వాళ్లు రేటు మార్చగలరు, కాలం పొడిగించమని పైకి రాయగలరు. ఎన్‌పీఏ అయిన మరుక్షణం ఫైలు రికవరీ వాళ్ల దగ్గరికి వెళ్లిపోతుంది. ఆ తర్వాత అదే మేనేజర్ మీకు కాఫీ ఇప్పించగలడేమో గానీ ఇంకేం చేయలేడు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఒకసారి ఎన్‌పీఏ అయ్యాక ఒక ఈఎంఐ కట్టేసి "మళ్లీ మొదలుపెట్టాను కదా" అంటే కుదరదు. బాకీ పడ్డ కిస్తీలు, వడ్డీ మొత్తం కడితేనే ఖాతా మళ్లీ స్టాండర్డ్, అంటే మామూలు ఖాతా, అవుతుందని రిజర్వు బ్యాంకు 2021లోనే స్పష్టంగా చెప్పింది. అందుకే నాలుగో నెలలో ఫోన్ చేసేవాళ్లకి నేను చెప్పగలిగేది చాలా తక్కువ, మొదటి నెలలో చేసేవాళ్లకి చాలా ఎక్కువ.

మనవాళ్లు చేసేది మాత్రం సరిగ్గా దీనికి తిరగేసి. మొదటి నెల ఎవరికీ చెప్పరు. రెండో నెల తెలియని నంబర్లన్నీ బ్లాక్ చేస్తారు. మూడో నెల బ్యాంకువాడు ఇంటికొస్తే "సార్ ఊళ్లో లేరు" అని భార్య చేత చెప్పిస్తారు. దీన్ని తప్పు పట్టే ఉద్దేశం నాకు లేదు. గృహప్రవేశానికి ఊరంతటినీ పిలిచి భోజనాలు పెట్టినవాడికి, అదే ఇంటి కిస్తీ కట్టలేకపోతున్నానని చెప్పడం ఎంత కష్టమో నాకూ తెలుసు. కానీ అవతలివైపు ఏం జరుగుతుందో వినండి. ఫోన్ ఎత్తని కస్టమర్ ఫైలులో "కాంటాక్ట్ కావడం లేదు" అని రాస్తారు, రెండుసార్లు ఇంటికొచ్చి వెళ్లాక "కట్టే ఉద్దేశం లేదు" అన్న మాట కూడా చేరుతుంది. ఉద్యోగం పోయిందని ఒక ఉత్తరం, రిలీవింగ్ లెటర్ కాపీ, మూడు నెలలు ఎంత కట్టగలడో ఒక అంకె ఇచ్చిన కస్టమర్ ఫైలు వేరుగా ఉంటుంది. పైన కూర్చుని సంతకం పెట్టేవాడికి కనిపించేది ఆ కాగితాలే, మీ మంచితనం కనిపించదు. కాబట్టి బ్రాంచ్‌కి వెళ్లండి, నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద ఇచ్చి, కాపీ మీద సీలు, తేదీ వేయించుకోండి. ఈమెయిల్ కూడా పంపండి. సీలు వేయడానికి కొందరు నసుగుతారు, నవ్వుతూ అక్కడే నిలబడండి, వేస్తారు.

ఇక అందరూ చేసే రెండో పని అప్పు తెచ్చి కిస్తీ కట్టడం. ఎనిమిదిన్నర శాతం లోన్ కట్టడానికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చేవాళ్లని చూశాను. మూడు రూపాయలంటే సంవత్సరానికి 36 శాతం. చిట్టీ ఇంకా చాలా నెలలుండగానే భారీగా పాటకి దిగి ఎత్తేసినవాళ్లు, క్రెడిట్ కార్డు మీద క్యాష్ తీసినవాళ్లు, లోన్ యాప్‌ల జోలికి వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. బంగారం తాకట్టు గురించి మాత్రం నాకు అంత పట్టింపు లేదు. ఆఫర్ లెటర్ చేతిలో ఉండి, చేరడానికి రెండు నెలలుంటే, బ్యాంకులో గోల్డ్ లోన్ పెట్టి ఆ రెండు కిస్తీలు కట్టేయడం తెలివైన పనే. ఆఫర్ లేకుండా "వచ్చేస్తుందిలే" అన్న నమ్మకంతో పెట్టకండి, ఇల్లూ బంగారం రెండూ ఒకేసారి ప్రమాదంలో పడతాయి.

ఇంకోటి, ఖాతాలో డబ్బు లేదని తెలిసీ నాచ్ మాండేట్‌ని, అంటే నెలనెలా కిస్తీ మీ ఖాతాలోంచి తనంతట తానే తీసుకోవడానికి మీరిచ్చిన అనుమతిని, వరసగా బౌన్స్ కానివ్వకండి. బౌన్స్ అయిన ప్రతిసారీ మీ జీతం ఖాతా ఉన్న బ్యాంకూ, లోన్ ఇచ్చిన బ్యాంకూ రెండూ చార్జీ వేస్తాయి. అది చిన్న సంగతి. చెక్ బౌన్స్ కేసు లాంటిదే దీనికీ వేయొచ్చు, 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టంలో సెక్షన్ 25 ఉంది, రెండేళ్ల దాకా శిక్ష రాసి ఉంది. అందరి మీదా వేస్తారని కాదు, ఆ తలుపు తెరిచి పెట్టకండి అంటున్నాను.

మా పిన్ని కొడుకు సంగతి చెప్తే లెక్కలు సులువుగా అర్థమవుతాయి. వాడు వర్తూరు దగ్గర టూ బీహెచ్‌కే కొన్నాడు, లోన్ 60 లక్షలు, 8.5 శాతం, 20 ఏళ్లు. ఈఎంఐ 52,069. మూడేళ్లు ఒక్క నెల కూడా తప్పకుండా కట్టాడు, అంటే పద్దెనిమిది లక్షల డెబ్భై వేలకి పైనే. ఉద్యోగం పోయిన రోజు రాత్రి మా ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి స్టేట్‌మెంట్ చూపించాడు. అసలు ఇంకా 56 లక్షల తొమ్మిది వేలు ఉంది. "ఇదేందక్కా, పద్దెనిమిది లక్షలు కడితే నాలుగు లక్షలు కూడా తగ్గలేదు" అన్నాడు, మౌస్‌తో ఆ అంకె మీదే గీతలు గీస్తూ. మొదటి ఏళ్లలో కట్టేదాంట్లో ఎక్కువ భాగం వడ్డీకే పోతుందని లోన్ తీసుకున్న రోజు ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు మరి.

అందరికీ తట్టే మొదటి ఆలోచన కాలం పొడిగించడం. వాడికీ అదే తట్టింది. కానీ పొడిగింపు వల్ల అనుకున్నంత ఊరట రాదు. అదే 60 లక్షలు, అదే రేటుకి 20 బదులు 30 ఏళ్లు పెడితే ఈఎంఐ 46,135 అవుతుంది. నెలకి ఆరు వేలు తగ్గడానికి మొత్తం వడ్డీ 65 లక్షల దగ్గరినుంచి 106 లక్షలకి పోతుంది. జీతం కొంచెం తగ్గినవాడికి ఆ ఆరు వేలు నిజంగానే పనికొస్తాయి, జీతమే లేనివాడికి 46 వేలైనా 52 వేలైనా ఒకటే. పైగా వయసు అడ్డొస్తుంది, చాలా బ్యాంకులు మీకు 70 ఏళ్లో 75 ఏళ్లో వచ్చేలోపు లోన్ ముగిసిపోవాలంటాయి. 45 దాటినవాళ్లకి పొడిగించడానికి అట్టే చోటు మిగలదు.

రేటు దగ్గర మాత్రం చాలామందికి తెలియకుండా డబ్బు ఉండిపోతుంది. 2020 మేలో రెపో, అంటే రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకి అప్పిచ్చే రేటు, 4 శాతం ఉండేది, 2022 మేలో పెరగడం మొదలై 2023 ఫిబ్రవరికి 6.5కి చేరింది, 2025 ఫిబ్రవరి నుంచి తగ్గుతూ జూన్‌కి 5.5 అయింది. పెరిగినప్పుడు మీకు తెలియకుండానే కాలం పెంచేశారు, తగ్గినప్పుడు ఈఎంఐ అలాగే ఉంచి కాలం తగ్గించారు. చేతిలో డబ్బులున్నవాడికి కాలం తగ్గడం మంచిదే. కష్టంలో ఉన్నవాడు బ్యాంకుకి వెళ్లి "నాకు కాలం తగ్గించొద్దు, ఈఎంఐ తగ్గించండి" అని అడగాలి. అలాగే రేటుని బ్యాంకు తన సొంత లెక్కతో వేసే పాత ఎంసీఎల్ఆర్ లోన్లలోనూ, అంతకు ముందటి బేస్ రేటు లోన్లలోనూ ఉండిపోయినవాళ్లు చిన్న ఫీజు కట్టి రెపోకి కట్టిన రేటుకి మారొచ్చు. మీరు ఒక శాతం ఎక్కువ కడుతుంటే, మీ పక్క ఫ్లాట్‌వాడు కొత్తగా లోన్ తీసుకుని తక్కువ కడుతుంటే, అడగనిదే బ్యాంకు తనంతట తాను చెప్పదు. 60 లక్షలకి 20 ఏళ్లకి 9.25 శాతమైతే ఈఎంఐ 54,952, అదే 8 శాతమైతే 50,186. తేడా నెలకి దగ్గర దగ్గర అయిదు వేలు, కాలం ఒక్క నెల కూడా పెంచకుండా. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, కాలం పెంచుకోవాలా, రెండూ కొంచెం కొంచెం చేసుకోవాలా అని కస్టమర్‌కి అవకాశం ఇవ్వాలి. ఈ సర్క్యులర్ పేరెత్తితే కౌంటర్లో మాట తీరు మారడం చూశాను.

ముందు ఎప్పుడైనా బోనస్ వచ్చినప్పుడు రెండు మూడు లక్షలు పార్ట్ పేమెంట్ చేసి ఉంటే, అది కూడా అడగండి. అప్పుడు కాలం తగ్గించి ఉంటారు, ఇప్పుడు పాత కాలానికే మళ్లీ లెక్క వేస్తే ఈఎంఐ తగ్గుతుంది. ఓవర్‌డ్రాఫ్ట్ తరహా హోమ్ లోన్ ఉన్నవాళ్లు అందులో దాచిన డబ్బు తీసుకోవచ్చు. లోన్ ఇచ్చేటప్పుడు అంటగట్టిన ఇన్సూరెన్స్ కాగితాలు కూడా బయటికి తీయండి, కొన్ని పాలసీల్లో ఉద్యోగం పోతే కొన్ని కిస్తీలు వాళ్లే కట్టే నిబంధన ఉంటుంది, ఎవరూ చదవరు కాబట్టి ఎవరూ అడగరు.

మూడు నెలలో ఆరు నెలలో కిస్తీలు ఆపమని, అంటే మారటోరియం ఇమ్మని అడగడం గురించి. కరోనా అప్పుడు 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా అందరికీ ఇచ్చారు కాబట్టి ఇప్పుడూ ఉంటుందనుకుంటారు. అది అప్పటికి ప్రత్యేకం. ఇప్పుడు ఇవ్వాలా వద్దా అన్నది ఆ బ్యాంకు సొంత పాలసీ, పైగా ఆర్థిక ఇబ్బంది పేరు మీద లోన్ నిబంధనలు మార్చితే దాన్ని రీస్ట్రక్చరింగ్ అంటారు, మామూలుగా అలాంటి ఖాతాని బ్యాంకు ఎన్‌పీఏ కింద చూపాల్సి వస్తుంది. మేనేజర్ ఎందుకు తటపటాయిస్తాడో ఇప్పుడు అర్థమైందా? మీ మీద కోపం కాదు, అతని పుస్తకాల్లో మచ్చ పడుతుంది. అయినా అడగండి. రాతపూర్వకంగా అడిగి కాదనిపించుకోవడం కూడా తర్వాత పనికొస్తుంది.

మా తమ్ముడు ఇవన్నీ చేశాక చేసిన పని ఫ్లాట్ అద్దెకివ్వడం. 34 వేలకి ఇచ్చి, తను భార్యాబిడ్డలతో కేఆర్ పురం వైపు పాత ఇంట్లో 15 వేల అద్దెకి దిగాడు. నెలకి 19 వేలు కలిసొచ్చాయి, మెయింటెనెన్స్ పోను ఇంకొంచెం తక్కువ. మా పిన్నికి ఇది అస్సలు నచ్చలేదు, "సొంతిల్లు పెట్టుకుని అద్దెకుండేదేందిరా" అని వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాకు మాత్రం వాడు చేసిన పనుల్లో ఇదే బాగా నచ్చింది.

ఇక్కడే బెంగళూరు వాళ్లకి ఒక హెచ్చరిక. అద్దె కాకుండా లీజుకి ఇద్దామన్న ఆశ పుడుతుంది. మన తెలుగు ఊళ్లలో పెద్దగా లేని పద్ధతి ఇది. పదిహేనో ఇరవయ్యో లక్షలు ఒకేసారి తీసుకుని రెండు మూడేళ్లు అద్దె లేకుండా ఇల్లు ఇవ్వడం, ఖాళీ చేసేటప్పుడు మొత్తం తిరిగివ్వడం. కిస్తీలకి గిలగిల్లాడేవాడికి ఇరవై లక్షలు ఒక్కసారి కనిపిస్తే కళ్లు తిరుగుతాయి. మా పక్క బ్లాకులో ఒకాయన ఇదే చేశాడు. లీజుకి దిగినవాళ్లు చిత్తూరు వైపు వాళ్లు, ముసలి అత్తగారు, ఇద్దరు పిల్లలు. వచ్చిన డబ్బు పాత అప్పులకి పోయింది, ఈఎంఐలు ఆగిపోయాయి. ఒకరోజు సాయంత్రం ఆ ఇంటి తలుపుకి, సరిగ్గా గుమ్మం తోరణం కింద, బ్యాంకు కాగితం అంటించి ఉంది. ఇంగ్లిష్‌లో ఒకటి, కన్నడలో ఒకటి. ఆ కన్నడ అక్షరాల్ని మనం సగం చదివేయగలం కదా, ఆ అత్తగారు చూపుడు వేలు పెట్టి కూడబలుక్కుని చదువుతూ "మనం ఇరవై లక్షలు ఇచ్చినాం కదమ్మా, మన పేరెందుకు లేదు ఇందులో" అని కోడల్ని అడిగింది. రాత్రికల్లా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ఆ ఫోటో తిరిగింది. బ్యాంకుకి తనఖా ఉన్న ఇంటి మీద బ్యాంకు అనుమతి లేకుండా ఇచ్చిన లీజుని బ్యాంకు పట్టించుకోదు, నోటీసు వచ్చాకైతే బ్యాంకు ఒప్పుకోకుండా అమ్మడానికీ లీజుకివ్వడానికీ చట్టమే ఒప్పుకోదు. మీ కష్టం తీసుకెళ్లి ఇంకో కుటుంబం నెత్తిన పెట్టకండి. లీజుకి దిగేవాళ్లు కూడా ఇంటి మీద లోన్ ఉందా లేదా అని ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి చూసుకోండి.

పీఎఫ్ గురించి అడుగుతారు. ఇంటి లోన్ తీర్చడానికి అందులోంచి తీసుకునే వీలుంది, సర్వీసు, బ్యాలెన్స్ బట్టి ఎంత వస్తుందో పోర్టల్‌లోనే కనిపిస్తుంది. తీసుకుంటే కిస్తీల కోసం నెలనెలా చిల్లరగా తినకుండా, లోన్‌లో ఒకేసారి కట్టి ఈఎంఐ తగ్గించుకోండి. ఊళ్లో ప్లాటు ఉంటే అమ్మండి. ప్లాటు రేటు పెరుగుతుందని, ఫ్లాట్ పోతున్నా దాన్ని పట్టుకుని కూర్చున్నవాళ్లు ఉన్నారు. నాన్నగారి పొలం అమ్మించడం మాత్రం నేను ఎవరికీ చెప్పను, అది వేరే లెక్క.

సరే, ఇవేవీ కాక 90 రోజులు దాటిపోయాయి అనుకుందాం. అప్పుడు సర్ఫేసి చట్టం మొదలవుతుంది, 2002లో వచ్చింది. కోర్టుకి వెళ్లకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్మే అధికారం బ్యాంకుకి ఇదే ఇస్తుంది. మొదట సెక్షన్ 13(2) కింద నోటీసు, 60 రోజుల్లో మొత్తం బాకీ కట్టమని. మొత్తం అంటే ఆగిన కిస్తీలు కాదు, 56 లక్షలూ. చాలామంది ఆ అంకె చూసి కవరు మడిచి బీరువాలో పెట్టేస్తారు. పెట్టకండి. ఆ 60 రోజుల్లో మీరు అభ్యంతరం రాసి పంపితే బ్యాంకు 15 రోజుల్లో జవాబు చెప్పి తీరాలి. లెక్కలో తప్పులుంటే, ముఖ్యంగా అపరాధ వడ్డీ దగ్గర, అక్కడే పట్టుకోండి. 2024 నుంచి ఆలస్యానికి వేసేది పీనల్ చార్జీగా విడిగా వేయాలే గానీ, వడ్డీ రేటులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. అసలు, వడ్డీ కలిపిన మొత్తంలో మిగిలిన బాకీ 20 శాతం లోపే ఉంటే ఈ చట్టం అసలు వర్తించదు, పదిహేనేళ్లు కట్టి చివర్లో జారినవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

60 రోజులు దాటితే 13(4) కింద స్వాధీనం. మొదట కాగితం మీద స్వాధీనం, అంటే తలుపుకి నోటీసు, రెండు పేపర్లలో ప్రకటన, అందులో ఒకటి స్థానిక భాషలో. మీరు ఇంట్లోనే ఉంటారు. తర్వాత మేజిస్ట్రేట్ ఆర్డర్ తెచ్చుకుని నిజంగా ఖాళీ చేయిస్తారు. స్వాధీనం చర్య జరిగిన 45 రోజుల్లోపు డీఆర్‌టీకి, అంటే అప్పుల వసూలు కేసులు చూసే ట్రిబ్యునల్‌కి, వెళ్లొచ్చు, బెంగళూరులోనే ఉంది. అక్కడ కాదంటే అప్పీలు చెన్నైలోని డీఆర్‌ఏటీకి, అంటే దాని పై ట్రిబ్యునల్‌కి, కానీ దానికి ముందుగా బాకీలో సగం డిపాజిట్ చేయమంటారు, ట్రిబ్యునల్ తలుచుకుంటే పావు వంతు దాకా తగ్గించగలదు. కట్టడానికి డబ్బుల్లేకే కదా ఇంత దూరం వచ్చింది! నిజంగా బ్యాంకు విధానంలో తప్పు చేసి ఉంటే డీఆర్‌టీకి వెళ్లండి. ఊరికే కాలయాపనకి వెళ్తే లాయరు ఫీజు ఒకపక్క, వడ్డీ ఒకపక్క పెరుగుతూ ఉంటాయి. "స్టే తెచ్చిస్తాం సార్, అయిదేళ్లు ఎవడూ కదపడు" అనేవాళ్లు నోటీసు పేపర్లో పడగానే ఫోన్లు చేస్తారు, వాళ్లని నమ్మకండి.

వేలం నోటీసు ప్రచురించేలోపు మొత్తం కట్టేస్తే ఇల్లు మీదే. అది పేపర్లో పడ్డాక డబ్బు తెచ్చినా ఆ హక్కు ఉండదు. 2016 సవరణతో వచ్చింది ఇది, 2023లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. వేలంలో బాకీకి పైన వస్తే మిగిలింది మీకివ్వాలి. తక్కువ వస్తే మిగతాదానికి మళ్లీ మీ వెంటే పడతారు, ఇల్లు పోయింది కదా అని అప్పు పోదు. లోన్‌లో భార్య పేరో అన్న పేరో కో-అప్లికెంట్‌గా ఉంటే వాళ్ల సిబిల్, అంటే అప్పులు ఎలా తీర్చారో చూపే స్కోరు, కూడా పోతుంది.

ఈలోపు రికవరీ ఏజెంట్లు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు, బంధువులకీ ఆఫీసుకీ చేసి పరువు తీయకూడదు. చేస్తే నంబరు, టైము రాసుకుని బ్యాంకుకి ఫిర్యాదు పెట్టండి, 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో వెళ్లొచ్చు, పైసా ఖర్చు లేదు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకి.

నేను అసలు చెప్పాలనుకున్నది అమ్మడం గురించి. రెండు మూడు నెలలు చూసి, ఆదాయం రాదని తేలితే, ఎన్‌పీఏ కాకముందే మీరే అమ్మేయండి. వేలంలో కొనేవాడు లోపల చూడకుండా, లిటిగేషన్ భయంతో, తక్కువకి రావడానికే చూస్తాడు. మొదటి వేలంలో ఎవరూ రాకపోతే రిజర్వు ధర తగ్గించి మళ్లీ పెడతారు. మీరు అమ్మితే హాల్లో వెలుతురు చూపించి, మంచినీళ్లిచ్చి, బేరమాడి అమ్ముతారు. మా తమ్ముడు అయిదో నెలలో ఈ నిర్ణయానికి వచ్చాడు, అప్పటిదాకా అద్దె, పీఎఫ్ కలిపి ఒక్క కిస్తీ కూడా తప్పనివ్వలేదు కాబట్టి ఖాతా శుభ్రంగా ఉంది. 88 లక్షలకి పోయింది. బాకీ, బ్రోకరేజీ పోను చేతికి ముప్పై లక్షల పైన వచ్చాయి. పిన్ని ఏడ్చింది. వాడు ఏడవలేదు, ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపోయాడని మరదలు చెప్పింది.

లోన్ ఉన్న ఇల్లు అమ్మడం పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఫలానా తేదీకి ఎంత కడితే లోన్ క్లోజ్ అవుతుందో చెప్పే లెటర్, తమ దగ్గరున్న ఒరిజినల్ పత్రాల జాబితా మీ బ్యాంకు ఇస్తుంది. కొనేవాడి బ్యాంకు మీ బాకీ మేరకు నేరుగా మీ బ్యాంకు పేరు మీద చెక్ ఇస్తుంది, మిగతాది మీకు. ఫ్లోటింగ్ రేటు, అంటే ఎప్పటికప్పుడు రేటు మారే లోన్ అయితే ముందే తీర్చినందుకు పెనాల్టీ లేదు. ఆలస్యమయ్యేది ఖాతా దగ్గర, బ్యాంకు ఖాతా కాదు, ఇల్లు ఎవరి పేరు మీద ఉందో చూపే నగరపాలిక రికార్డు. ఆ రికార్డు ఆన్‌లైన్ కాపీ, అంటే ఈ-ఖాతా, లేకపోతే ఇప్పుడు బెంగళూరులో రిజిస్ట్రేషన్ జరగదు, అందులో పేరు తప్పు పడితే సరిచేయించడానికి వారాలు పడుతుంది. కాబట్టి అమ్మే ఆలోచన లేకపోయినా, ఉద్యోగం మీద అనుమానం వచ్చిన రోజే ఈ-ఖాతా తీసి పెట్టుకోండి. అనుమతులు సరిగ్గా లేని బీ ఖాతా ఫ్లాట్లకి చాలా బ్యాంకులు లోన్ ఇవ్వవు, అంటే కొనేవాళ్లే తక్కువ, వాళ్లు ఇంకా ముందే మొదలుపెట్టాలి. పన్ను సంగతి ఆడిటర్‌ని అడగండి, రెండేళ్లు దాటితే లాభం మీద 12.5 శాతం. అయిదేళ్లలోపు అమ్మితే పాత పన్ను విధానంలో అసలు మీద తీసుకున్న 80సీ మినహాయింపు వెనక్కి ఇవ్వాల్సి ఉంటుంది.

ఎన్‌పీఏ అయ్యాక బ్యాంకు వన్ టైమ్ సెటిల్‌మెంట్ అని తగ్గించి ఇస్తానంటే తొందరపడి ఎగిరి గంతేయకండి. ఇంటి విలువ బాకీకి మించి ఉన్నప్పుడు వాళ్లు అసలులో పెద్దగా తగ్గించరు, వడ్డీలో కొంత, చార్జీల్లో కొంత. సిబిల్‌లో మాత్రం "సెటిల్డ్" అని పడుతుంది, ఆ తర్వాత ఇంకో లోన్ అడిగిన ప్రతిచోటా దాని గురించే మాట్లాడతారు. ఒప్పుకుంటే తేదీలతో సహా లెటర్ తీసుకున్నాకే డబ్బు కట్టండి, ఫోన్లో చెప్పిన మాట మీద వద్దు.

లోన్ ఎలా క్లోజ్ అయినా, పూర్తిగా కట్టిన 30 రోజుల్లో ఒరిజినల్ పత్రాలు తిరిగివ్వాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 మీకు కట్టాలి, 2023 డిసెంబరు నుంచి ఈ రూలు ఉంది. బాకీ లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ తీసుకుని ఊరుకోకండి, సబ్ రిజిస్ట్రార్ దగ్గర తనఖా రద్దు చేయించి, కొత్తగా ఈసీ తీసి అందులో పడిందో లేదో చూసుకోండి. మా తమ్ముడిది పదిహేను రోజులకి పడింది.